ముప్పయ్యో నంబరుకు నాడి లేదు

శనివారం పొద్దున నవ్యశ్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిన్ తినాలి, చివరి చేతిపట్టీ లెక్కలు దింపుకోవాలి, సోమవారం థీసిస్ ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఎమ్మెస్సీ నర్సింగ్ ఇంకో ఆరు నెలలు సాగుతుంది. సిరిసిల్లలో ఒకే మరమగ్గాల షెడ్డులోని ముప్పై మంది కార్మికులకు, ఒక్కొక్కరికి ఒక్కో రోజు, అడుగులూ నాడీ లెక్కపెట్టే పట్టీ కట్టాలి. ఇరవై తొమ్మిది మందితో పని అయిపోయింది. ముప్పయ్యో మనిషి కైలాసానికి నిన్న సాయంత్రం ఇచ్చి, "పని చేసేటప్పుడు అస్సలు తియ్యొద్దన్నా" అని మూడుసార్లు చెప్పింది కూడా.

పది గంటలకు ఇడ్లీ నోట్లో పెట్టుకుని ఫోను చూసింది. అడుగులు ముప్పై ఆరు వేలు. నాడి: లేదు. చూస్తుండగానే ఇంకో నూట యాభై అడుగులు పెరిగాయి.

వెంటనే గైడు మమతారాణికి ఫోన్ చేసింది. "మేడం, ముప్పయ్యో ఆయన నడుస్తుండు, కానీ నాడి లేదు."

"నాడి లేకుంట ఎట్ల నడుస్తడు? ముందు 108కి చెయ్. నేనూ వస్తున్న!"

ఆ థీసిస్ మీద మేడంకు ఎంతో ఆశ. మరమగ్గం కార్మికులు మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటారనీ, రాత్రి ఎనిమిదికే నిద్రపోతారనీ, మిగతా వేళంతా గంతులేస్తారనీ తేలింది మరి. ఎవరూ ఊహించని సంగతంటూ హైదరాబాదు సదస్సులో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

కైలాసం ఫోన్ ఎత్తలేదు. ఇంటి నంబరుకు చేస్తే తల్లి శంకరవ్వ ఎత్తింది. చెడు కబురు ఎలా చెప్పాలో నవ్యశ్రీకి కాలేజీలో నేర్పారు. అందులో క్లాసు ఫస్టు ఆమే. పాఠం తప్పకుండా మొదలుపెట్టింది.

"అవ్వా, జర కూసోండ్రి. పక్కపొంటి ఎవలన్న ఉన్నరా?"

"ఎందుకు బిడ్డా?"

"ఫికర్ చెయ్యకుండ్రి. కైలాసమన్న గురించి నిమ్మళంగ ఒక మాట చెప్పాలె."

శంకరవ్వ ఆ ఒక్క మాట దాకా ఆగలేదు. "ఓ నా కొడుకా!" అని పెట్టిన కేకకు వీధంతా పరుగెత్తుకొచ్చింది. కబురు నిజమా అని అడిగే అలవాటు మనకు తక్కువ, కుర్చీలు తెప్పించే అలవాటు ఎక్కువ. పక్కింటి భానుప్రసాద్ ముప్పై కిరాయి కుర్చీలు, షామియానా, పెద్ద పూలదండ నేరుగా షెడ్డు ముందే దింపించాడు.

నవ్యశ్రీ స్కూటీ, మేడం కారు, అంబులెన్సు, ఏడుస్తున్న వీధి ఒకేసారి అక్కడికి చేరాయి. లోపల సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో ఈ గోల ఎవరికీ వినపడలేదు. ఒక సాంచె మీద తెగిన పోగు అతుకుతున్న కైలాసం తలెత్తి తల్లినీ, దండనూ, స్ట్రెచర్‌నూ చూశాడు.

"ఎవలు పోయిండ్రవ్వా?"

శంకరవ్వ కొడుకును గట్టిగా కావలించుకుంది. ఆ తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది.

పట్టీ అతని చేతికి లేదు. సాంచె మీద ముందుకూ వెనక్కూ ఊగే కడ్డీకి బిగించి ఉంది.

"చేతికి కట్టుకోవాలె గదన్నా!" నవ్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ.

"సాంచె కాడ చేతికి కంకణం గూడ ఉంచుకోం చెల్లే. ఇరికిందంటె చెయ్యే పోతది. నువ్వేమో పనిల తియ్యొద్దంటివి. పని చేసేది సాంచెనే గద, దానికే కట్టిన."

మేడం ఊపిరి పీల్చుకున్నారు. "పోనియ్, ఒక్కలదే గద. మిగతా ఇరవై తొమ్మిది మందికి నాడి మంచిగనే ఉన్నది."

సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కార్మికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరిలో పెద్దవాడు బాలమల్లు నోరు విప్పాడు.

"మేము గూడ కట్టుకోలే మేడం. ఉత్తగ ఉంచితె మీరు పరేషాన్ అయితరని, ఇంట్ల చిన్న పిల్లగాండ్లకు కట్టినం."

మధ్యాహ్నం నిద్ర, ఎనిమిదింటికి పడక, రోజంతా గంతులు. మేడంకు ఒక్కొక్కటే అర్థమై, దగ్గరున్న కిరాయి కుర్చీలో కూలబడ్డారు. వచ్చినందుకు అంబులెన్సు వాళ్లు ఆమెకే నాడి చూశారు. నూట ముప్పై ఉంది.

"మేడం, సోమవారం..." అంది నవ్యశ్రీ కళ్లనిండా నీళ్లతో.

"సోమవారం పేరెత్తకు తల్లీ. గడువు నేనే అడుగుత. ఆ హైదరాబాదోళ్లకు ఏం చెప్పాలెనో, అది గూడ నేనే సూస్కుంట."

కైలాసం దండను పక్కకు జరిపాడు. "అంగి లోపట ఛాతికి కట్టేది తెండ్రి మేడం, ఏం గాదు. మమ్ముల అడిగితె మొదటనే చెప్పేటోళ్లం."

ఆ మధ్యాహ్నమే ముప్పై మందీ వరసగా కూర్చుని ఛాతి పట్టీ కోసం కొత్త ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టారు. కుర్చీలు ఎలాగూ వచ్చి ఉన్నాయి.