మా పాలు మాకొద్దు

నవ్వనని మాటిస్తే చెబుతాను. నవ్వినా చెబుతాను లెండి. ఎలాగూ మా ఆవిడ నళిని చెప్పేస్తుంది. ఆవిడ నోట వినేకంటే నా నోట వింటే నా పరువు కాస్తయినా మిగులుతుంది.

మాది తణుకు. నళినిది చందాపుర పక్కన పల్లె, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. మేముండేది యలహంకలో అద్దె ఇల్లు. అంటే బెంగళూరుకి ఆ చివర అత్తారిల్లు, ఈ చివర మేము. పెళ్లప్పుడు ఆ దూరం చూసి మురిసిపోయాను. మా మామగారు వెంకటరాయప్పకి ఆవులున్న సంగతి అప్పుడు ఆలోచించలేదు.

వెళ్లినప్పుడల్లా ఆయన క్యాను నిండా పాలు పోసి కారులో పెడతారు. మనసులో నేనాయన్ని పాలరాయప్ప అనుకుంటాను. ఆ పాలు సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో విరుగుతాయి, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేసరికి సీటు మీద ఒలుకుతాయి. మా వీధి పిల్లులన్నీ ఇప్పుడు నా కారు వెంటే తిరుగుతున్నాయి. వద్దందామంటే నళిని ఒప్పుకోదు. పుట్టింటి పాలు వద్దంటే పుట్టింటినే వద్దన్నట్టట.

ఇంతలో ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. చూసిన ఫ్లాటుకి బ్యాంకు లోను ఇస్తానంది గానీ, ముందు కట్టాల్సిన సొమ్ముకే దిక్కు లేదు. నెలాఖరులోగా కట్టకపోతే ఆ ఫ్లాటు ఇంకొకరి పాలవుతుంది.

అలాంటి సమయంలో, ఓ శనివారం మామగారు ఫోన్ చేశారు. "రేపు పొద్దున్నే రాప్పా. ఓబులేషు కూడా ఉంటాడు. ఎవరి పాలు వాళ్లకిచ్చేస్తా. మీ పాలు తీసుకుని పోదువు" అన్నారు. ఓబులేషు మా బావమరిది, జిగణిలో ఫ్యాక్టరీలో పని. ఆ ఆదివారం నళినికి ఆఫీసు షిఫ్టు. ఆవిడ పక్కన లేనప్పుడే ఈ పాలకి నీళ్లొదిలేయాలని తీర్మానించుకున్నాను.

పెద్దాయన నొచ్చుకోకుండా ఉండాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి వసారాలో చాపలు పరిచి ఉన్నాయి. మామగారి చెల్లెలు నేత్రావతమ్మ, ఊరి పెద్దమనిషి సొన్నప్ప కూర్చుని ఉన్నారు. క్యానుడు పాలకి పెద్దమనిషెందుకో అర్థం కాలేదు గానీ, ఇక్కడి ఆచారం కాబోలనుకున్నాను.

కాఫీ అయ్యాక గొంతు సవరించుకున్నాను. "మామయ్యా, మీరేమీ అనుకోకూడదు. మా పాలు మాకొద్దు. ఉన్నది ఇద్దరం, మాకొచ్చేది మాకు చాలు. మీరిచ్చేవి మాకు అరగడం లేదు. మా పాలు కూడా ఓబులేషుకే ఇచ్చేయండి, పిల్లలున్నవాడు."

మామగారు కండువాతో కళ్లొత్తుకుని, "ఈ కాలంలో ఇట్లాంటి అల్లుడు యాడ ఉండాడప్పా" అని సొన్నప్పతో అన్నారు. ఓబులేషు నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పాల కోసం ఏడ్చేవాళ్లని ఉయ్యాల్లో చూశాను గానీ, మీసాలతో చూడడం అదే మొదలు.

నా కోసం కోడిని కోశారు. నేత్రావతమ్మ నాకు దణ్ణం పెట్టబోతూ, పాలు వదులుకోవాలంటే గుండె ఉండాలంది. దానిదేముందండీ, రేపు పొద్దున మళ్లీ పిండుకుంటారుగా అన్నాను. ఆవిడ దణ్ణం సగంలో ఆగిపోయింది.

ఖాళీ చేతులతో, నిండు మర్యాదతో ఇంటికొచ్చాను. నళిని తలుపు తీసి నా చేతులకేసి చూసింది.

"మన పాలు యాడ?"

"మీ తమ్ముడికిచ్చేయమన్నాను."

ఆవిడ నిదానంగా కుర్చీలో కూర్చుంది. "మన పాలు ఎంతో తెలుసునా నీకి?"

"మహా అయితే నాలుగు లీటర్లు."

"పద్దెనిమిది లక్షలు."

"అన్ని లీటర్లా?" అన్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, రోడ్డు పక్కన ఉన్న రాగిచేను మామగారు లేఅవుటు వాళ్లకి అమ్మేశారు. వచ్చినదాంట్లో కొడుక్కీ కూతురికీ సమానంగా ఇద్దామనుకున్నారు. వాళ్ల వైపు వాటాని పాలంటారట. వాటా అని ఒక్క ముక్క అని ఉంటే నా కొంప మునిగేది కాదు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని నళిని మీద ఎగిరాను. నా నోట్లో నువ్వుగింజ నానదనీ, చేతికొచ్చాక చెబుదామనుకున్నాననీ అంది.

నిజం చెప్పొద్దూ, ఫ్లాటు పోయిందన్న దిగులు కంటే సిగ్గే ఎక్కువైంది. కూతురని తండ్రి ఇచ్చుకున్నదాన్ని, కూతుర్ని ఒక్క మాట అడగకుండా నేను దానం చేసి, కోడికూర తిని వచ్చాను.

ఆ సిగ్గంతా మింగి మామగారికి ఫోన్ చేశాను. "మామయ్యా, పొద్దున తెలియక అనేశాను. మా పాలు మాకు కావాలి."

"దానికేమప్పా. రేపు పొద్దున్నే ఓబులేషు చేత పంపిస్తా."

ఇంత తేలిగ్గా తెమిలిపోతుందనుకోలేదు. గర్వంగా నళిని వైపు చూశాను. ఆవిడ బీన్సు తరుక్కుంటోంది. ఇంత డబ్బు తిరిగొస్తుంటే కనీసం తలెత్తదేమిటో అర్థం కాలేదు.

తెల్లారి ఓబులేషు దిగాడు. ఒక్కో చేతిలో ఒక్కో క్యాను. "నీ పాలు నీకిచ్చి రమ్మన్యాడు బావా, నాయన" అని రెండూ నా చేతుల్లో పెట్టాడు. వాడు జేబులోంచి కవరు తీసి, "ఇది నీదక్కా" అని నళినికిచ్చాడు. అందులో ఆవిడ పేరు మీద చెక్కుంది.

నిన్న నేను చందాపుర దాటకముందే మామగారు కూతురికి ఫోన్ చేశారట. అల్లుడు వద్దంటున్నాడు, నువ్వేమంటావని అడిగారట. ఆయనది ఆయన వద్దనుకోనీ, నాది నాకిచ్చేయి నాయనా అందట ఈవిడ.

"అంటే నిన్ననే నీకు తెలుసు. రాత్రంతా నేను పొర్లుతుంటే చెప్పొద్దూ?"

"నా పాలు ఇచ్చేసేటప్పుడు నువ్వు నాతో చెప్తివా?" అంది నళిని.

క్యాన్లు పట్టుకుని వంటింట్లోకి నడిచాను.

నెలాఖరుకి ఫ్లాటు కొన్నాం. కొన్నాం అనడం నా అలవాటు గానీ, కొన్నది ఆవిడ. లోను వాయిదాలు నా జీతంలోంచి, కాగితాల మీద పేరు ఆవిడది. ఓ మూల నా పేరు కూడా ఉంటే బాగుంటుంది కదా అని రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద నసిగాను.

"నీకి పాలు వద్దంటివి కదప్పా, పెద్దమనుషుల ముందర" అని లోపలికి వెళ్లిపోయింది.