మామగారు ఫోన్ చేస్తున్నారు

ఆదివారమంటే మీకందరికీ సెలవు. నాకు మాత్రం పడవ. ఇలోఇలో రేవులో మోటారు పడవెక్కి, అవతల గిమారస్ దీవిలో ఉన్న మా అత్తగారు నానాయ్ పాసింగ్ ఇంటికి వెళ్లి, సాయంత్రం దాకా ఆవిడ మామిడితోట కబుర్లు వినాలి. సరిగ్గా ఆ వేళకే మా వీధిలో నేను లేకుండా బాస్కెట్‌బాల్ ఆడేస్తుంటారు దుర్మార్గులు.

నేను ఓ ఆఫీసులో ఫైర్‌వాల్ చూసుకుంటాను. ఇంటర్నెట్టులో దొంగలు లోపలికి రాకుండా కాపలా అన్నమాట. అందుకే వీధిలో నన్ను గోడ ఎల్పిడియో అంటారు. ఆ తెలివంతా వాడి ఓ పథకం వేశాను. ఆఫీసులో మూలన పడేసిన ఇంటర్నెట్ ఫోన్లు అడిగి తెచ్చి, ఒకటి మా ఇంట్లో, ఒకటి అత్తగారింట్లో పెట్టి, రెండు చోట్లా ఫైర్‌వాల్ బిగించాను.

"సెల్‌ఫోన్ ఉండగా ఇదెందుకయ్యా?" అంది మా ఆవిడ మారిబెల్.

"మీ అమ్మ సెల్‌ఫోన్ని బియ్యం డబ్బాలో దాచేసింది. ముట్టుకుంటే చాలు, ఏదో ఒకటి తెరుచుకుంటోందట. దీంతో ఆ గొడవ లేదు. ఎత్తితే మాట, పెట్టేస్తే నిశ్శబ్దం. ఇక పడవ దేనికి?"

"ఓహో! మా అమ్మ మీద ప్రేమేమో అనుకున్నాను."

ఆ ఆదివారమే ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు.

"మోగిందిగా! మాటేదీ?" అంది మారిబెల్.

"మోత ఒక తలుపులోంచి వస్తుంది, మాట ఇంకో తలుపులోంచి వస్తుంది. ఏ తలుపో ముందుగా చెప్పదు. నా ఫైర్‌వాల్‌కి తెలియక ఆపేస్తోంది."

"చెప్పకుండా వచ్చేవాళ్లనల్లా ఆపేస్తే మీ చుట్టాలెవ్వరూ మనింటికి రాలేరు. తలుపులన్నీ తీసెయ్."

బయట బంతి చప్పుడు వినిపిస్తోంది. రెండు చోట్లా తలుపులు బార్లా తీసేసి, బూట్లు తొడుక్కుని పరిగెత్తాను. కాపలావాడు చేయకూడని పని అదొక్కటే.

వారం తిరక్కుండానే అత్తగారు ఫోన్ చేశారు. స్పీకర్లో నాకూ వినిపిస్తోంది.

"మారిబెల్, మీ నాన్న ఫోన్ చేస్తున్నాడే!"

మామగారు టాటాయ్ బెర్తో కిందటి వర్షాకాలంలో పోయారు.

"ఆయన తోటలోంచి అన్నానికొచ్చే వేళకి మోగుతోంది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఆయన కాక ఇంకెవరే?"

నాకు వెంటనే అర్థమైంది. తలుపు తీసి ఉంటే దొంగల యంత్రాలు కనబడ్డ ఫోనుకల్లా కొట్టి చూస్తాయి. రోజంతా కొడతాయి. ఆవిడ పగలు తోటలోంచి ఇంటికొచ్చేది మాత్రం మధ్యాహ్నం అన్నానికే, రాత్రి ఫోను ప్లగ్గు తీసేసి పడుకుంటుంది. ఈ సంగతి చెబుదామని నోరు తెరిచాను. మారిబెల్ కళ్లు తుడుచుకుంటోంది. నోరు మూసుకుని, మొదటే చేయాల్సిన పని చేశాను. మా రెండు ఫోన్లకి మాత్రం దారి వదిలి, మిగతా తలుపులన్నీ మూసేశాను.

అంతే, మామగారు ఫోన్ చేయడం మానేశారు. అత్తగారు ఫోను పక్కన కొవ్వొత్తి వెలిగించి, పళ్లెంలో అన్నం, ఎండుచేప పెట్టి ఎదురుచూస్తున్నారట. తను మాత్రం ముద్ద ముట్టడం లేదట.

"ఆయన అలిగాడే. అల్లుడు రావడం మానేశాడని అలిగాడు," అని కూతురితో ఒకటే ఏడుపు.

నాకు నిజంగా బాధేసింది. పెద్దావిడ, నా మూలంగా పస్తుంటోంది. మర్నాడు శనివారం మధ్యాహ్నం మారిబెల్ బజారుకెళ్లగానే నేనే ఫోన్ చేసి, నోరు మెదపకుండా కూర్చున్నాను.

"బెర్తో! వచ్చావా!"

ఆ గొంతులో సంతోషం మీరు వినాలి. తోట సంగతులు చెప్పుకుపోతోంది. ఇంతలో లైను తెగింది. తెంపింది నా ఫైర్‌వాలే. ఇటునుంచి చప్పుడు రాకపోతే మనిషి వెళ్లిపోయాడనుకుని తలుపు వేసేస్తుంది. చచ్చినవాడు మాట్లాడకూడదు, మాట్లాడకపోతే ఫైర్‌వాల్ ఊరుకోదు. ఏం చేయను? మళ్లీ చేసి, గొంతు బొంగురు చేసుకుని ఊఁ కొట్టడం మొదలుపెట్టాను.

"బెర్తో, వంటింటి రేకు కారుతోంది. అల్లుడి కలలోకి వెళ్లి చెప్పు."

"ఊఁ."

"వేడివేడి బాచోయ్ సూపు కావాలనుంది. లా పాజ్ బజారుదే తెమ్మను. నూడుల్స్ నాననివ్వద్దను."

"ఊఁ."

"ప్రతి ఆదివారం రమ్మను."

నేను ఆగిపోయాను.

"బెర్తో? ఉన్నావా? వెళ్లిపోయావా?"

లైను తెగుతుందేమోనని ప్రాణం కొట్టుకుంది. "ఊఁ!" అనేశాను.

ఆదివారం ఓ చేత్తో రేకు, ఇంకో చేత్తో బాచోయ్ పట్టుకుని, మారిబెల్‌తో కలిసి రేవుకి బయల్దేరాను.

"రేకు కారుతోందని నీకెవరు చెప్పారయ్యా?" అంది మారిబెల్.

"మీ నాన్నగారు. కలలో."

"బాచోయ్ కూడా ఆయనే చెప్పారా?"

"ఆయనే."

"పాపం, సొంత కూతురి కలలోకి రావడానికి తీరిక లేదు కాబోలు," అని మొహం అటు తిప్పుకుంది.

ఎర్రటి ఎండలో వంటింటి కప్పెక్కి మేకులు కొడుతున్నాను. కింద అత్తగారు బాచోయ్ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని పైకి చూశారు.

"రేపు కూడా ఫోన్ చెయ్యి నాయనా."

సుత్తి జారి కింద పడింది. "నేనా? నేనెక్కడ చేశానత్తయ్యా?"

"మొదట్లో ఆయనే అనుకున్నాను. కాపరం చేసినన్నాళ్లూ మా ఆయన నా మాటకి ఒక్కసారి ఊఁ కొట్టిన పాపాన పోలేదు. నువ్వు మొదటి ఊఁ అనగానే తెలిసిపోయింది. మారిబెల్‌కి చెప్పి ఎంత నవ్వుకున్నామో! కానీ నాయనా, నా మాట అంత ఓపిగ్గా విన్నది నువ్వొక్కడివే. రేపు చేస్తావుగా?"

మారిబెల్ నిచ్చెన పట్టుకుని పడీపడీ నవ్వుతోంది. కప్పు మీద నుంచి ఎక్కడికి పారిపోను?

"ఊఁ," అన్నాను.