ఒకే మెడ గల పక్షం

మా తాతగారు సోమిదేవయ్యగారు కరువునాడు నలభైమంది విద్యార్థులకు అన్నం పెట్టి వ్యాకరణం చెప్పారు. మా మేనత్త భ్రమరాంబగారు బాలవితంతువులకు చదువు నేర్పారు. సమాసాన్ని విడదీసి చూడనిదే ఏ మాటకూ చప్పట్లు కొట్టరాదని ఇద్దరి శాసనం. అందుకు వారు చెప్పిన కథ ఇది.

మంచు కురిసే దీవిలో ఒక పెద్ద అడవి. ఏలిక ఎలుగుబంటి. దానిని ఎదిరించే జంతువులది ఒక పక్షం. ఆ పక్షపు అధ్యక్షులకు పని ఒక్కటే: సభలో మెడ ఎత్తి "కాదు" అనడం. కిందటి అధ్యక్షురాలైన కొంగ ఒక్కసారి అన్నది. ఎలుగుబంటి దెబ్బకు దాని మెడ ఇప్పటికీ వంకరే.

ఆ చలికాలం వేడినీటి గుండాన్ని ఎలుగుబంటి తన సొంతం చేసుకోబోతున్నదని తెలిసింది.

"అధ్యక్షపదవికి నేను నిలబడతాను. ఆ గుండం లేనిదే నా బిడ్డ బ్రతకదు," అన్నది కోతి.

పోటీపత్రం మీద ఇరవై పాదముద్రలు కావాలి; ఒకరు ఒక్క పత్రం మీదే వేయాలి. పక్షంలో ఉన్నవే ముప్పై జంతువులు. కోతి అడగబోయేసరికి నక్క అందరిచేతా తాబేలు పత్రం మీదే పాదాలు వేయించింది.

"ఏమిటిది, నక్కన్నా?"

"పోటీ అంటే చీలిక, చెల్లెమ్మా. లోకానికి మన ఐకమత్యం కనబడాలి."

"తాబేలు మామను అడిగావా?"

"నిద్రపోతున్నాడు. కాదనలేదు కదా!"

కొంగ వంకర మెడతోనే ప్రకటించింది: "ఏకగ్రీవం!" అందరూ చప్పట్లు కొట్టారు. దెబ్బ తాబేలుకు, పెత్తనం తనకు అని నక్క మురిసిపోయింది.

సభలో ఎలుగుబంటి గుండం సంగతి చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని గుర్రుమన్నది.

తాబేలు తల లోపలికి లాక్కున్నది.

నక్క చిప్ప మీద తట్టింది. "మామా, 'కాదు' అను!"

"లోపల వెచ్చగా ఉన్నది, అల్లుడూ."

కోతి లేచి మెడ ఎత్తింది. "కాదు!"

"కూర్చోవమ్మా," అని నవ్వింది ఎలుగుబంటి. "మీది ఏకగ్రీవం. గ్రీవమంటే మెడ. మీ పక్షానికి ఉన్నది ఒకే మెడ అని మీరే వ్రాసి ఇచ్చారు. అదేమో లోపల ఉన్నది."

గుండం చుట్టూ కంచె పడింది. కోతి బిడ్డను పొట్టకు హత్తుకొని, ఆవలి కొండ ఎక్కి వేరొక గుండం వెదుక్కున్నది. అందుకు ఎవరి పాదముద్రలూ అక్కరలేకపోయాయి.

మంచు ముదిరాక నక్క వణుకుతూ వచ్చి మళ్ళీ చిప్ప తట్టింది. "మామా, కాస్త చోటివ్వవూ?"

"ఒక్క మెడకే చోటు, అల్లుడూ."

కనుక ఐకమత్యమే ముఖ్యమనుకొనేవారు చిప్ప ఉన్నవారినే ఎన్నుకోవలెను. చలి మాత్రం ఎవరిది వారిదే.

తాతగారి వ్యాకరణ పుస్తకాన్ని నా మనుమరాలు విశాలాక్షికి ఇచ్చాను. సమాసాల పుట మడిచి ఇచ్చాను.