పాలసీ ఆఫీసరు, పాలసీసా

కోలారు పక్కనున్న తమకలో కాపురముండే చంద్రశేఖర బీమా కంపెనీ ఆఫీసరు. రాబోయే ఆపదల గురించి ఊరందరినీ హెచ్చరించే ఆయనకు ఇంట్లో ఉన్న భరోసా ఒక్కటే, పాలసీసా. రెండేళ్ల కొడుకు ధ్రువ నోట్లో చక్కెర పాల సీసా పెడితే చాలు, తాగుతూ తాగుతూనే నిద్రపోయేవాడు. ఆ తర్వాత టీవీలో క్రికెట్ అంతా చంద్రశేఖరదే.

ఈ సుఖానికి గండి కొట్టింది భార్య మంగళ. హైస్కూల్లో సైన్సు టీచరు. ఒకరోజు కొడుకు పైపెదవి ఎత్తి చూస్తే, చిగుళ్ల పక్కన పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. వెంటనే ముగ్గురూ కోలారులో పళ్ల డాక్టరు రంజని దగ్గరికి వెళ్లారు.

"పుచ్చు ఇట్లే మొదలయితాది," అంది డాక్టరు. "వదిలేస్తే తెలుపు గోధుమ రంగయితాది, ఆమీద గుంత పడతాది. పాలు నోట్లో పెట్టుకోని పండుకుంటే పండ్లు చక్కెరలోనే నానతాయి. సీసా మానిపించండి. బియ్యపు గింజంత పేస్టుతో రెండు పూటలా తోమండి."

"పాలపండ్లు ఎట్లాగూ రాలిపోయేవే కదా మేడం?" అన్నాడు చంద్రశేఖర.

"మీ వెంట్రుకలూ రాలేవే సార్, నూనె ఎందుకు పెడతారు? ఇవి పడేదానికి ఇంగా నాలుగైదేండ్లు ఉండాది. అంతవరకూ పిల్లోడు నొప్పితో నమలాల్నా?"

ఇంటికి రాగానే మంగళ సీసాను చెత్తబండిలో వేసింది. మర్నాడే చంద్రశేఖర ఇంకొకటి కొని స్కూటరు డిక్కీలో దాచాడు. ఆదివారం ఆమె కూరగాయలకు వెళ్లగానే పాలు కలిపాడు. కొడుకు నిద్రపోయాడు, ఆయన మ్యాచ్ చూశాడు. గేటు చప్పుడు కాగానే సీసా కడగకుండానే డిక్కీలోకి చేరింది.

సోమవారం పొద్దున మంగళను బడి దగ్గర దింపడానికి బయలుదేరాడు. సిగ్నల్ దగ్గర ఆగేసరికి తొడ చురుక్కుమంది. తర్వాత నడుము. తర్వాత, నలుగురిలో గోక్కోలేని చోటు. నడిరోడ్డు మీద స్టాండు వేసి ఆయన ఎగురుతుంటే బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. మంగళ నిదానంగా సీటు ఎత్తింది. ఎర్రచీమల జాతర మధ్యలో సీసా.

"పాలసీలు అమ్మే మనిషి పాలసీసా దాచినారా?"

"సుమ్నే, ఊరికే బిడ్డను ఏడిపించేది ఎందుకని..."

"ఒక్క పూట చక్కెరకు మీకే ఇంత మంటగా ఉంటే, ఆ చిన్న పండ్లకు ఎట్లుంటాది? ఇంగ వాణ్ణి తోమేదీ మీరే, పండబెట్టేదీ మీరే."

తోమడమంటే కుస్తీయే. ధ్రువ వేలు కొరికాడు, బ్రష్షు విసిరాడు, పేస్టు తీసి తండ్రి కళ్లజోడుకు పూశాడు. జోల పాడితే ఇంకా గట్టిగా ఏడ్చాడు. విసుగెత్తి చంద్రశేఖర బీమా షరతులు చదవడం మొదలుపెట్టాడు. రెండో షరతు పూర్తయ్యేలోగా కొడుకు గురకపెట్టాడు. ఖాతాదారుల మీద పనిచేసే మందు ఇంట్లోనూ పనిచేసింది.

మామిడి కాలం ముగిసేసరికి ధ్రువే నోరు తెరిచి, "అప్పా, తోము" అనసాగాడు.

డాక్టరు మళ్లీ చూసింది. "గీతలు ముదర్లేదు, నున్నగా మెరుస్తా ఉండాయి. పుచ్చు ఆడనే నిలిచిపోయినాది. ఎవరు తోమేది?"

చంద్రశేఖర ఛాతీ ఉబ్బించాడు. "నేనే మేడం. నేను పట్టు పడితే అంతే."

"అవును, నడిరోడ్డు మీదే పట్టుబడినారు," అంది మంగళ.

ఆయన ఆ మాట విననట్టే, "ఇంగ వీనికి అలవాటైపోయినాది కదా, నువ్వు చూసుకో మంగళా," అన్నాడు.

"అట్లే కానీండి. మీకు చేయి తిరిగినాది కాబట్టి రెండోదానికి మీరే."

"రెండోదేంది?"

మంగళ పొట్ట మీద చేయి పెట్టుకుని నవ్వింది. "నిన్ననే తెలిసినాది."

చంద్రశేఖర పళ్ల డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. సంతోషంతో నోరు దానంతటదే తెరుచుకుంది.

"మొదటి పన్ను కనిపించిన రోజే తోమేది మొదలుపెట్టాల సార్," అంది డాక్టరు.