మేకుల కేటలాగులో నవ్వు

మొదట్లో మేకుల కొట్టాయన చేతిలో ఉన్న సరుకు ఇంతే: పొద్దుణ్ణించీ నిలబడి పట్టేసిన నడుము, అడుగంటిన ఓపిక, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఓ ఇంగ్లీషు హాస్య నవల. అందులో ఓ జమీందారు అత్తగారి పోరు పడలేక చెవుడు నటిస్తుంటాడు. ఆ కష్టం కొట్టాయనకు సొంత కష్టంలా తోచింది.

చిక్కల్లా ఇంటావిడతోనే. చేతిలో కథల పుస్తకం కనబడితే మనిషి ఖాళీగా ఉన్నట్టే ఆవిడ లెక్క. బాగుచెయ్యాల్సిన వంటింటి అలమర తలుపు, కారే కుళాయి వరసగా గుర్తొస్తాయి. అదే వ్యాపారం కాగితాలు చూస్తుంటే పిల్లిలా నడుస్తుంది.

అందుకని ఆయన మేకుల కంపెనీ కేటలాగు అట్ట ఊడదీసి నవలకు తొడిగాడు. పెట్టుబడి లేని ఎత్తు. పారింది కూడా. చెవుడు నిజమో కాదో తేల్చుకోవడానికి జమీందారు వెనక అత్తగారు తుపాకీ పేల్చే ఘట్టంలో మాత్రం నవ్వు ఆగలేదు.

"మేకుల్లో అంత నవ్వేముందండీ?"

"ధరలు... మరీ పెంచేశారు."

"పెంచితే ఏడవాలి గానీ!"

"ఏడ్చే ఓపిక లేకే నవ్వుతున్నా."

ఆవిడ హడలిపోయి, డాక్టరైన అన్నగారిని పిలిపించింది. ఆయన రోగి కనురెప్పలు ఎత్తి చూశాడు.

"బావా, మేకులు చూస్తే నవ్వొస్తోందా?"

నిజం చెబితే అలమర తలుపు మీద పడుతుంది. "వస్తోంది" అన్నాడు నీరసంగా.

"స్క్రూలు చూస్తే?"

"కాస్త తక్కువ."

"బుర్ర అలిసిపోయింది చెల్లాయ్. కొన్నాళ్ళు కొట్టు వద్దు, కేటలాగు అసలే వద్దు."

కొట్టు తను చూసుకుంటానని ఆవిడ బయల్దేరింది. ధరలకోసం కేటలాగూ పట్టుకుపోయింది. ఆయన మంచం మీద పైకప్పు చదువుతూ మిగిలాడు.

సాయంత్రం పక్కకొట్టు దర్జీ పరిగెత్తుకొచ్చాడు. "మీ జబ్బు అమ్మగారికీ అంటుకుందండీ! బేరాలు బారులు తీరాయి. ఆవిడ కేటలాగు చూసి పగలబడి నవ్వుతోంది!"

ఆయన ఆయాసపడుతూ కొట్టుకు చేరాడు. "అది ఇలా ఇవ్వు. అది కేటలాగు కాదే!"

"అట్ట తియ్యగానే తెలిసింది లెండి. ముందు వాళ్ళకి మేకులు తూచండి, పాపం నిలబడి ఉన్నారు."

తక్కెడ అందుకుని తూచాడు. ఉండబట్టలేక అడిగాడు: "తుపాకీ పేలాక జమీందారు వెనక్కి తిరిగాడా?"

ఆవిడ పేజీ తిప్పింది. "చెబితే మీకు నవ్వొస్తుంది. అన్నయ్య వద్దన్నాడుగా."

పుస్తకం, కుర్చీ ఆవిడ వంతుకొచ్చాయి. అంత కష్టానికీ ఆయనకు దక్కింది, ఆవిడ కిసుక్కుమన్నప్పుడల్లా తక్కెడ పట్టుకుని, అత్తగారు ఇప్పుడేం చేసి ఉంటుందో ఊహించుకునే హక్కు.