నిప్పురవ్వకు ముగ్గురు పెద్దలు

ఆ శనివారం ఉదయం నోగామి సేజి పెట్టుకున్న పని చిన్నదే. తన పాతకాలపు కారును తనిఖీకి తీసుకెళ్లే ముందు, ఇంజన్లో నిప్పురవ్వ సమయానికి పడుతోందో లేదో చూసుకోవాలి. తనిఖీలో తప్పితే కారు తుక్కుకేనని భార్య హత్సుయే ముందే తేల్చేసింది. ఇంటి ముందు ఒక్క కారుకే చోటుంది. అక్కడ చిన్న కొత్త కారు నిలవాలని ఆవిడ కోరిక.

సేజి ఇంజన్ నడిపి టైమింగ్ లైటు పట్టాడు. రవ్వ పడినప్పుడల్లా ఆ దీపం మెరిసి, తిరిగే చక్రం మీది తెల్లగీతను నిలబడ్డట్టు చూపిస్తుంది. గీత ఇంజన్ మీది గుర్తును దాటి ఉంది. రవ్వ తొందరపడుతోందన్నమాట! రవ్వలను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త వెనక్కి తిప్పి, ఇంజన్ను అలాగే వదిలి టీ తాగడానికి లోపలికెళ్లాడు.

పక్కింటి త్సుకుదా రిటైరైన బస్సు డ్రైవరు. ఇంజన్ మూలుగు విని ఆయన ప్రాణం విలవిల్లాడింది. అయితే, తప్పు చేశావని పొరుగువాడి ముఖాన చెప్పడం ఆ వీధిలో మర్యాద కాదు. అందుకని మెల్లగా వచ్చి, చెవితో వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను ముందుకు తిప్పి వెళ్లిపోయాడు.

సేజి తిరిగొచ్చి చూస్తే గీత మళ్లీ దాటింది. త్సుకుదా ఇంటివైపు గోడ మీద నూనె చేతిగుర్తు కనిపించింది. పెద్దాయన్ని ఏమనగలడు? ఈసారి బాగా వెనక్కి తిప్పాడు. పొగగొట్టం ఢామ్మంది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"గ్యాసు పేలిందా ఏంటి?"

"కాదండీ, మా కారే! క్షమించండి!"

అంత చప్పుడు చేశాక ఇంటింటికీ మిఠాయి పట్టుకెళ్లి తల వంచక తప్పదు. సేజి అటు వెళ్లగానే త్సుకుదా ఇటు వచ్చాడు. వంటింటి కిటికీలోంచి హత్సుయే చూసింది.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదమ్మా, దుమ్ము తుడుస్తున్నా."

"తుడవండి, తుడవండి. తొందరేముంది!"

ఇద్దరూ కలిసి కారు కొంప ముంచుతుంటే తానెందుకు అడ్డుపడాలి?

సేజి వచ్చేసరికి తనిఖీ వేళయింది. పాత కారుకు వీడ్కోలు పలకడానికి హత్సుయే కూడా ఎక్కింది. తనిఖీ షెడ్డులో మెకానిక్ కుసాకబె, బానెట్ కింద ఒక చిన్న పెట్టె మూత తీసి, రెండు రంధ్రాలను తీగముక్కతో కలిపాడు.

"అదెందుకండీ?" అన్నాడు సేజి.

"కంప్యూటర్‌ను కాసేపు చేతులు కట్టుకోమనడానికి. ఇంజన్ వేగం, మోసే బరువు చూసుకుని అదే రవ్వను ముందుకు జరుపుతుంటుంది. ఈ తీగ పెట్టకుండా లైటు పడితే కనిపించేది దాని లెక్క, మీరు పెట్టింది కాదు."

"అంటే... గీత దాటి కనిపిస్తే?"

"దాటాలి మరి. తప్పని తిప్పారో, కారు పాడైనట్టే."

సేజి ముఖం పాలిపోయింది. హత్సుయే ముఖం వెలిగింది. కుసాకబె లైటు పట్టాడు. గీత సరిగ్గా గుర్తు మీద ఉంది. సేజి వెనక్కి తిప్పిందంతా త్సుకుదా ముందుకు తిప్పేశాడు.

"ఎవరు పెట్టారండీ? అచ్చం ఫ్యాక్టరీలో పెట్టినట్టుంది!"

"నేనే," అన్నాడు సేజి.

కారు నెగ్గింది. వచ్చే తనిఖీ వేళకు త్సుకుదాను ఏ వేడినీటి ఊటల ఊరికైనా విహారానికి పంపించాలని హత్సుయే దారిలోనే నిశ్చయించుకుంది.