మెడకు కాలరు

రేణిగుంటలో ఆ వారమంతా ముసురు. గోడలు చెమ్మగిల్లాయి, ఉతికిన బట్టలు ఆరడం లేదు, ఇల్లంతా తడి వాసన. రేవతి తనకున్న పంజాబీ డ్రెస్సులను మంచం మీద పరిచి, వాటిలో ఏది తక్కువ వెలిసిందో చూసుకుంటోంది. ఒకటి బూడిద రంగు. మిగిలినవి కూడా నెమ్మదిగా ఆ రంగుకే వస్తున్నాయి.

ఆమె తిరుపతిలో ఒక పెద్ద బట్టల షాపులో పనిచేస్తుంది. షాపు పెద్దదే గాని, ఆమె ఉండేది దాని అడుగున, గోడౌనులో. వచ్చిన సరుకుకు ధర చీటీలు అంటించడం ఆమె పని. బయట వానో ఎండో, పైనుంచి దిగివచ్చినవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకోవాలి. పై అంతస్తులో ఆడవాళ్ళ సెక్షనుకు ఇన్‌చార్జి కావాలనీ, షాపు మనుషుల్లోనే ఒకరిని ఆ రోజు ఎంపిక చేస్తాననీ యజమాని గంగాధరం చెప్పి ఉన్నాడు. రేవతి అనే మనిషి కింద ఉందని ఆయనకు తెలుసో లేదో ఆమెకు అనుమానమే.

ఆమె భర్త జయచంద్ర ఒకప్పుడు బస్సు టికెట్లు బుక్ చేసే కొట్టు నడిపేవాడు. జనం ఫోన్లలోనే టికెట్లు తీసుకోవడం మొదలుపెట్టాక కొట్టు మూతపడింది. దానితోబాటు ఆయన నోరూ మూతపడింది. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. అడిగినదానికి "ఊ" అంటాడు. అడగకపోతే అదీ లేదు.

పక్క వీధిలో ఉండే ఆడబిడ్డ భానుశ్రీ గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. ఆమె ఇంట్లోనే విడి కాలర్లు కుట్టి అమ్ముతుంది. పాత డ్రెస్సు మీద తగిలించుకుంటే చాలు, కొత్తదైపోతుందని ఆమె నమ్మకం.

"దీన్ని పెట్టుకో వొదినా. మనిషే మారిపోతావు సూడు," అంది.

మీగడ రంగు కాలరు. లోపల స్పాంజి, దాన్ని బిగువుగా నిలబెట్టే గట్టి బక్రం గుడ్డ. గడ్డం కిందిదాకా నిటారుగా నిలబడుతుంది. కింద అంచు భుజాల మీదికి పరుచుకుని, దానినిండా తెల్లపూసల పని. జారిపోకుండా వెనక హుక్కుల మీద భానుశ్రీ రెండు కుట్లు కూడా వేసింది. రేవతి బూడిద రంగు డ్రెస్సు మీద ఆ కాలరును అద్దంలో చూసుకుంది. చాలా కాలం తర్వాత, ఇంకాసేపు చూసుకుంది.

"పోయొస్తా," అంది వరండాలో.

"ఊ," అన్నాడు జయచంద్ర, గోడ వైపు చూస్తూనే.

బయట తుంపర పడుతోంది. పూసలు తడిస్తే మెరుపు పోతుందని భానుశ్రీ చెప్పింది కాబట్టి రేవతి చున్నీని భుజాల చుట్టూ గట్టిగా చుట్టి పిన్ను పెట్టుకుంది. దాంతో పూసలన్నీ లోపలికి పోయాయి. బయటికి కనబడేది మెడ చుట్టూ ఉన్న మందపాటి మీగడ రంగు పట్టీ ఒక్కటే. పైగా బక్రం బిగువుకు తల తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

బస్సెక్కగానే ఒక పెద్దమనిషి లేచి సీటు ఇచ్చాడు. రేవతి మురిసిపోయింది. కాలరు పని చేస్తోంది అనుకుంది.

"ఎప్పుడు పెట్టినారమ్మా?" అని అడిగాడాయన.

"ఈ పొద్దే," అంది రేవతి.

"ఈ పొద్దే పెట్టుకోని పనికి పోతా ఉండావా," అని ఆయన నిట్టూర్చి, డ్రైవరును బండి నిదానంగా పోనీయమన్నాడు. డ్రైవరు పోనిచ్చాడు. వెనకవాళ్ళు గొణిగారు. రేవతి షాపు చేరేసరికి ఆలస్యమైంది.

గోడౌను మెట్లు దిగుతున్న ఆమెను మేనేజరు దామోదరం చూశాడు. ఆమె తల తిప్పకుండా, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగుతోంది. గడ్డం కింద కాలరు ఉంటే కాళ్ళు కనబడవు మరి.

"ఏమైంది రేవతీ మెడకు?"

"ఏమీ కాలేదు సార్. ఊరికే పెట్టుకున్నా."

"ఊరికే ఎవురైనా మెడకు కాలరు పెట్టుకుంటారా?"

"ఇప్పుడందరూ పెట్టుకుంటా ఉండారు సార్. కావాలంటే తీసేస్తా," అని ఆమె చేతులు వెనక్కి పోనిచ్చింది. కుట్లు తెగలేదు. దామోదరం పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కదిలించొద్దు. మా బావమర్ది కూడా మెడ దెబ్బకు డాక్టరు పెట్టిన కాలరును ఇట్లనే నాకేమీ లేదని పీకేసినాడు. ఇప్పుడు కుడి చెయ్యి లేయదు. గమ్మున కూర్చో."

పూసలు చూపిద్దామని ఆమె చున్నీ పిన్ను తీయబోయింది. చలికి వణుకుతోందనుకుని ఎవరో ఆమె మీద ఒక దుప్పటి కప్పారు. అది కొత్త సరుకు, దాని ధర చీటీ రేవతి అంటించిందే. చుట్టూ చేరినవాళ్ళంతా ఏళ్ళ తరబడి బట్టల మధ్య బతికేవాళ్ళు. ఆమె మెడ మీద ఉన్నది కూడా బట్టేనని ఒక్కరికీ తోచలేదు.

యజమాని గంగాధరం మొదటిసారి గోడౌనులోకి దిగాడు. దుప్పట్లో బిగుసుకుని కూర్చున్న రేవతిని చాలాసేపు చూశాడు.

"ఈమె పేరేమప్పా?" అని దామోదరాన్ని అడిగాడు.

తర్వాత తన కారు తెప్పించాడు. విరిగిన ఎముకలకు నాటుకట్టు కట్టే పుత్తూరుకు పోయి కట్టించుకుని రమ్మన్నాడు. రేవతి "అయ్యా, నాకేమీ లేదు" అనే కొద్దీ అందరూ జాలిగా తలలూపారు. దెబ్బ తగిలినవాళ్ళు అలాగే అంటారని దామోదరం అందరికీ వివరించాడు. జయచంద్రకు ఫోను చేసింది కూడా అతనే. "మెడకు కాలరు పెట్టినారు, మాట తడబడతా ఉండాది," అని చెప్పాడు.

రేణిగుంటలో కారు ఆగినప్పుడు జయచంద్ర వానలో, గొడుగు లేకుండా, చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు. ఎక్కి ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నాడు. కారు దారిలో వడమాలపేట ఊరు దాటింది. అప్పుడు మొదలుపెట్టాడు.

"పొద్దున పోయొస్తానంటే తలెత్తి కూడా సూడలేదు మే నేను. మెడకు కట్టుకోని పోతా ఉండావు, అది కూడా సూడలేదు. నేనేం మనిషిని." ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

రేవతి చెబుదామని నోరు తెరిచింది. చెబితే ఆ చెయ్యి వదిలేస్తాడేమో అనిపించింది. మూసుకుంది. కిటికీ మీద వాన కారుతూనే ఉంది. ఆమెకూ ఏడుపు వచ్చింది. అది చూసి, నొప్పి ఎక్కువైందనుకుని, డ్రైవరు వేగం పెంచాడు.

పుత్తూరులో కట్టు కట్టేచోట జనం బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒకరికి చెయ్యి, ఒకరికి కాలు. రేవతి పక్కన దేవకమ్మ అనే ముసలామె, ముంజేతికి కట్టుతో, వచ్చినప్పటినుంచీ ఆమెనే చూస్తోంది. లోపలి ఉక్కకు రేవతి దుప్పటి తీసింది, చున్నీ వదులు చేసింది.

"కాలరు బాగుండాది కదమ్మా. పూసలు నువ్వే కుట్టినావా?" అంది దేవకమ్మ. "మా మనవరాలికి ఇట్లాంటిదే కావాలంట. యాడ దొరుకుతాది?"

జయచంద్ర పూసల వైపు చూశాడు. వెనక హుక్కుల వైపు చూశాడు. ఆ కుట్టు ఎవరిదో ఆయన గుర్తుపట్టాడు.

"భాను కుట్టిందా?"

"ఊ," అంది రేవతి.

"అయితే నీకేమీ కాలేదు."

"పొద్దుటినుంచీ అదే చెప్తా ఉండా. ఒకరూ వినలేదు."

"మరి నాతో చెప్పొచ్చు కదా, కార్లో."

"నువ్వు మాట్లాడతా ఉంటివి," అంది రేవతి. "ఎన్నాళ్ళకో మాట్లాడితివి. నడమన ఎందుకని."

జయచంద్ర ఆమె చేతిని వదలలేదు. అంతలో అతని ఫోను మోగింది. గంగాధరం గొంతు పక్క బెంచీకి కూడా వినబడేంత పెద్దది.

"మెడ విరిగినా పనికి వచ్చిన మనిషిని నేను ఇంతవరకూ సూడలేదప్పా. ఇందాకే అందరినీ పిలిచి చెప్పినాను. పై సెక్షను ఆమెకే. మోహన అని ఇంకొకామె చానా ఆశ పెట్టుకోనింది, ఆమె కూడా కళ్ళనీళ్ళు పెట్టుకోని సరే అనింది. ఇంతకూ వైద్యులు ఏమన్నారు?"

రేవతి వద్దన్నట్టు తల ఊపబోయింది. కాలరు ఊపనివ్వలేదు. జయచంద్ర ఆమె బూడిద రంగు డ్రెస్సు వైపు చూశాడు. జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. ఆడాల్సినంత మాటలే ఎప్పుడూ ఉండేవి కావు.

"ఎముక చీలిందన్నారు సార్," అన్నాడు. "పండగ దాకా బెల్టు తీయకూడదంట."

తిరిగి వచ్చేటప్పుడు మందుల షాపులో గోధుమ రంగు మెడ బెల్టు ఒకటి కొన్నారు. రేవతి పై అంతస్తులో ఇన్‌చార్జి అయింది. కొత్త చీర కట్టుకున్నా, కొత్త డ్రెస్సు వేసుకున్నా, వచ్చినవాళ్ళంతా ముందు ఆ బెల్టునే చూసి, అయ్యో పాపం అని, బేరం ఆడకుండా కొనుక్కుపోయారు. అమ్మకాలు పెరిగాయి. గంగాధరం సంతోషించి, బెల్టు తీయడానికి తొందరేమీ లేదన్నాడు. మోహన రోజూ వచ్చి ఆమె అన్నం డబ్బా మూత తీసి పెట్టేది. రేవతి అందులో సగం ఆమెకే పెట్టేది. ఇంట్లో జయచంద్ర రాత్రిపూట బెల్టు విప్పి, మెడకు నూనె రాస్తూ, ఏవేవో మాట్లాడేవాడు.

నూనె నిజంగానే అవసరమైంది, ఎందుకంటే బెల్టు పెట్టుకున్న మూడో రోజుకే మెడ పట్టేసింది.